విశ్వాసమే తొలి ఔషధం

మనిషి ఆరోగ్యం అతని ఒక్కని చేతిలో ఉండేది కాదు. తినే తిండి, చేసే పని, నివసించే ఊరు, చుట్టూ ఉన్న మనుషులు దానిని తీర్చిదిద్దుతారు. తన జాతికి గతంలో ఎదురైన అనుభవాలు సైతం దానిపై ప్రభావం చూపుతాయి. అమెరికా సంయుక్త రాష్ట్రాల దక్షిణ ప్రాంతపు పల్లెలలో నల్లజాతి పురుషుల బరువు తగ్గించడానికి జరుగుతున్న సామూహిక ప్రయత్నాలను పరిశీలిస్తే ఈ విషయం బోధపడుతుంది.

అలబామా మధ్యభాగాన, మిసిసిపి ఈశాన్య భాగాన నల్లరేగడి నేల విస్తారంగా ఉంది. ఆ నేల రంగును బట్టి ఆ ప్రాంతానికి ‘బ్లాక్ బెల్ట్’ అనే పేరు వచ్చింది. ఒకప్పుడు అక్కడి పత్తి చేలలో పనిచేసిన బానిసల సంతతివారే నేటికీ అక్కడ అధిక సంఖ్యలో నివసిస్తున్నారు. ఇళ్లు దూరదూరంగా ఉంటాయి. బస్సు సౌకర్యం అరుదు. తాజా కూరగాయలు దొరికే దుకాణానికి, వైద్యశాలకు మైళ్ల కొద్దీ ప్రయాణం చేయవలసిన ఊళ్లు ఎన్నో ఉన్నాయి. పొలంలో ఒళ్లు వంచి పనిచేసిన తరానికి సరిపోయిన వేపుళ్లు, మొక్కజొన్న రొట్టె, పందికొవ్వుతో వండిన కూరలు, చక్కెర దండిగా కలిపిన చల్లని తేనీరు, యంత్రాల ముందు నిలిచి లేదా లారీ చక్రం ముందు కూర్చొని పనిచేసే నేటి తరానికి భారమైనాయి. నల్లజాతి పురుషులలో రక్తపోటు, మధుమేహం, మూత్రపిండాల వ్యాధులు శ్వేతజాతీయులలో కంటె ఎక్కువగా కనిపిస్తున్నాయి. స్థూలకాయం వీటికి తోడైతే ప్రమాదం మరింత పెరుగుతుంది.

బరువు కొద్దిగా తగ్గినా మేలు ఎంతో ఉంటుందని అమెరికాలో జరిగిన ఒక బృహత్తర పరిశోధన నిరూపించింది. మధుమేహం వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్న 3,234 మందిపై జరిపిన ఈ పరిశోధన ఫలితాలు 2002లో వెలువడ్డాయి. శరీరం బరువులో 7 శాతం తగ్గించుకోవడం, వారానికి 150 నిమిషాలు వేగంగా నడవడం లేదా అంతటి శ్రమ చేయడం లక్ష్యాలుగా పెట్టుకొన్న వారిలో మధుమేహం 58 శాతం తగ్గింది. మందు మాత్రమే వాడిన వారిలో ఆ తగ్గుదల 31 శాతమే. నూరు కిలోల బరువున్న మనిషి ఏడు కిలోలు తగ్గితే చాలునన్న మాట సామాన్యునికి ఆశ కల్పించింది.

అయితే ఆ పరిశోధనలో ఒక్కొక్కరికి విడివిడిగా శిక్షణ ఇచ్చారు. అది ఖర్చుతో కూడిన పని. అందువలన అదే పాఠాన్ని పదిమందిని కూర్చోబెట్టి బోధించే పద్ధతి రూపొందింది. 2010లో అమెరికా చట్టసభ దీనిని జాతీయ కార్యక్రమంగా గుర్తించింది. ఏడాది పొడవునా సాగే ఈ శిక్షణలో మొదటి ఆరు నెలలు తరచుగాను, తరువాత నెలకొకసారిగాను సభ్యులు సమావేశమౌతారు. బరువు చూసుకొంటారు. తిన్నదీ నడిచినదీ పుస్తకంలో రాసుకొంటారు. విందులో ఎలా మెలగాలి, వాన పడిననాడు నడకకు బదులేమి చేయాలి వంటి చిక్కులకు పరిష్కారాలు తామే వెదకుకొంటారు. శిక్షకుడు వైద్యుడే కానక్కరలేదు. తగిన తర్ఫీదు పొందిన ఊరివాడైనా చాలు. ఒకడు తడబడితే మరొకడు ఊతమివ్వడమే సామూహిక పద్ధతిలోని కీలకం.

ఇంత మంచి ఏర్పాటు ఉన్నా పురుషులు ముందుకు రావడం తక్కువ. 2002 నాటి పరిశోధనలో సైతం మూడింట రెండు వంతుల మంది స్త్రీలే. బరువు తగ్గడం ఆడవారి వ్యవహారమన్న భావన, పని వేళలు, దూరాభారం ఇందుకు కొన్ని కారణాలు. నల్లజాతి పురుషుల విషయంలో అంతకంటె లోతైన కారణం ఒకటి ఉంది. అది చరిత్ర చేసిన గాయం.

అలబామాలోని మేకన్ కౌంటీలో, టస్కెగీ పట్టణ పరిసరాలలో 1932లో ప్రభుత్వ ఆరోగ్య విభాగం ఒక అధ్యయనం ప్రారంభించింది. సుమారు 600 మంది నల్లజాతి పురుషులను అందులో చేర్చుకొన్నది. వారిలో పాలికి సేద్యం చేసుకొనే నిరుపేదలే అధికం. 399 మందికి సిఫిలిస్ వ్యాధి ఉంది. వారికి ఆ మాట చెప్పలేదు. ‘చెడు రక్తా’నికి వైద్యం చేస్తున్నామని నమ్మబలికారు. ఉచిత భోజనం, అంత్యక్రియల ఖర్చు ఆశ చూపారు. 1940ల చివరినాటికి పెన్సిలిన్ ఆ వ్యాధికి తిరుగులేని ఔషధంగా అందుబాటులోకి వచ్చినా వారికి ఇవ్వలేదు. 1972లో పత్రికలు బయటపెట్టేవరకు ఈ ఘోరం సాగింది. 1997లో అధ్యక్షుడు క్లింటన్ జాతి పక్షాన క్షమాపణ చెప్పాడు. క్షమాపణతో అపరాధం అంగీకరించబడుతుంది కాని, చెదిరిన నమ్మకం వెంటనే చేకూరదు. తెల్లకోటు వేసుకొన్నవాడు ఉచితంగా పరీక్ష చేస్తానంటే అనుమానించడం ఆ పల్లెవాసుల అజ్ఞానం కాదు, అనుభవం.

విచిత్రమేమంటే నమ్మకాన్ని ఎలా సంపాదించాలో చూపినదీ ఆ టస్కెగీయే. అక్కడి విద్యాలయంలో ఆచార్యుడైన జార్జి వాషింగ్టన్ కార్వర్ రూపొందించిన బండి ఒకటి 1906లో పల్లెబాట పట్టింది. రైతు బడికి రాలేకపోతే బడియే రైతు ముంగిటికి వెళ్లాలన్నది దాని సంకల్పం. వేరుశనగ, చిలగడదుంప, అలసంద పండించి తినడంలోని లాభాలను కార్వర్ రైతులకు వివరించాడు. చెప్పేవాడు తమవాడు కావడం, చెప్పినది తమ నేలకు తగినది కావడం వలన రైతులు విన్నారు.

నేటి సామూహిక కార్యక్రమాలకు ఆ బండి చూపిన దారే శరణ్యం. పురుషులు సహజంగా కలుసుకొనే చోటికే శిక్షణ వెళ్లాలి. పల్లెలో అది చర్చి ప్రాంగణం కావచ్చు, క్షౌరశాల కావచ్చు. లాస్ ఏంజిలిస్ నగరంలో 52 క్షౌరశాలలలో 319 మంది నల్లజాతి పురుషులపై జరిగిన రక్తపోటు పరిశోధన ఫలితాలు 2018లో వెలువడ్డాయి. ఔషధ నిపుణులు అక్కడికే వచ్చి మందులిచ్చిన చోట ఆరు నెలలలో పై రక్తపోటు సగటున 27 పాయింట్లు తగ్గింది. క్షురకుడు సలహా మాత్రమే ఇచ్చిన చోట తగ్గినది 9 పాయింట్లే. అది నగరంలో జరిగినదైనా, పరిచయమున్న చోటికి నిపుణుడు తరలివస్తే కలిగే ప్రయోజనం పల్లెకూ వర్తిస్తుంది. బరువును గోప్యంగా తూచడం, తాతల నాటి వంటలను నిందించక బెండకాయ, అలసంద, ఆకుకూరలను తక్కువ కొవ్వుతో వండే తీరు నేర్పడం, ఇంటిల్లిపాదినీ వంట పాఠానికి పిలవడం, జట్లుగా పోటీపడి నడవడం వంటివి పురుషులను నిలబెట్టే ఉపాయాలు.

ఈ పద్ధతికి పరిమితులూ ఉన్నాయి. తగ్గిన బరువు తిరిగి పెరగడం సామాన్యం. పైన చెప్పిన మధుమేహ పరిశోధనలో పాల్గొన్నవారు కోల్పోయిన బరువులో చాలా భాగం మళ్లీ పెరిగారు. అయినా పదేళ్ల తరువాత కూడా వారిలో మధుమేహం 34 శాతం తక్కువగానే ఉంది. కాబట్టి బరువు పెరిగినంత మాత్రాన శ్రమ వృథా అయినట్లు కాదు. అలాగని ఊరికి కూరగాయల దుకాణం, వైద్యశాల, నడవడానికి క్షేమమైన బాట సమకూర్చే బాధ్యతను సభ్యుల భుజాలపై మోపకూడదు. అది పాలకుల కర్తవ్యం.

వైద్యవిజ్ఞానం ఎంత పెరిగినా దానిని అందుకొనే చేయి ముందుకు చాచినప్పుడే ఫలితం ఉంటుంది. మోసపోయిన జాతి ఆ చేయి చాచాలంటే మొదట కావలసినది గౌరవం, ఆపై ఓర్పు. తోటివారి మధ్య కూర్చొని, తన కష్టం తన మాటలలో చెప్పుకోగలిగిన చోట మనిషి మనసు తేలికపడుతుంది. శరీరం తేలికపడడానికి అక్కడే నాంది.