బార్డోలీకి దప్పిక... డామన్‌కు గిరాకీ

బార్డోలీ: చెరకు తోటల నడుమ మిండోలా నది ఒడ్డున ఉన్న ఈ పట్టణవాసులు నీటి అంచున తీరిగ్గా కూర్చుని ఓ గ్లాసు బీరు తాగాలంటే సుమారు వంద కిలోమీటర్లు ప్రయాణించాలి. గుజరాత్‌లో మద్యనిషేధం రాష్ట్రావతరణ నాటినుంచీ, అంటే 1960 మే 1 నుంచీ అమలులో ఉంది. సరిహద్దు ఆవలి డామన్‌కు ఆ నిషేధం వర్తించదు. 1961 డిసెంబరు వరకు పోర్చుగీసు ఏలుబడిలో ఉన్న ఆ చిన్న తీరప్రాంతం నేటికీ కేంద్రపాలితమే.

డామన్‌లోని దేవ్‌కా తీరాన సముద్రం నీలంగా ఉండదు. నీరు బురద రంగులో ఉంటుంది, పాటు సమయంలో అల్లంత దూరం వెనక్కు పోతుంది. సందర్శకులకు ఆ చింత ఉన్నట్లు లేదు. ఆరుబయట వేసిన బల్లల చుట్టూ సముద్రపు గాలి, వేయించిన చేప, చల్లని సీసా ఉంటే చాలు. 2023 ఏప్రిల్‌లో ఇక్కడ 5.45 కిలోమీటర్ల తీర విహారమార్గం కూడా ప్రారంభమైంది.

అయితే బార్డోలీ ప్రాంతానికి మద్యనిషేధం కేవలం పైనుంచి వచ్చిపడిన చట్టం కాదు. 1922-23లో దక్షిణ గుజరాత్ ఆదివాసులు దేవి ఆదేశమని చెప్పి కల్లు, సారా మానివేశారు. దుకాణదారులకు తాకట్టుపడిన భూములను, కూలిని విడిపించుకునే ప్రయత్నం కూడా అందులో ఇమిడి ఉంది. 1928 నాటి పన్ను నిరాకరణ సత్యాగ్రహానికి ముందే ఈ నేల నేర్చిన పాఠమది.

నేడు చట్టం భారం అందరిపైనా ఒకేలా లేదు. కారున్నవారు డామన్ వెళ్లి వస్తారు. లేనివారికి దొంగసారాయే గతి. 2009లో అహ్మదాబాద్‌లో వందమందికి పైగా, 2022 జూలైలో బోటాద్ ప్రాంతంలో నలభైమందికి పైగా కల్తీ మద్యానికి బలయ్యారు. 2017లో శిక్షలను కఠినతరం చేసిన ప్రభుత్వమే 2023 డిసెంబరులో గాంధీనగర్‌లోని గిఫ్ట్ సిటీకి పరిమిత సడలింపు ఇచ్చింది. అదీ సబర్మతీ నది ఒడ్డునే కావడం గమనార్హం.

తెలుగువారికి ఈ పరిస్థితి కొత్త కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 1995 నుంచి 1997 వరకు నిషేధం సాగినప్పుడు గోదావరి ఒడ్డునే ఉన్న యానాం పుదుచ్చేరి పాలనలో ఉన్నందున ఆ చట్టం పరిధిలోకి రాలేదు.

డామన్‌లో తాగి గుజరాత్‌లో అడుగుపెట్టడం సైతం నేరమే. అందుకే ఏటా డిసెంబరు 31 రాత్రి వల్సాడ్ జిల్లా పోలీసులు సరిహద్దు రోడ్లపై కార్లను ఆపి శ్వాస పరీక్షలు జరుపుతారు. పట్టుబడినవారికి స్టేషన్లు చాలక కల్యాణ మండపాలను తీసుకున్న సందర్భాలూ ఉన్నాయి.