రాజన్న కోడెకు ఏమి సమర్పించాలి?

వేములవాడ శ్రీ రాజరాజేశ్వర స్వామివారి సన్నిధిలో కోడె మొక్కు తరతరాల ఆచారం. భక్తులు ధర్మగుండంలో స్నానమాచరించి, కోడెతో ఆలయ ప్రదక్షిణ చేసి, దానిని కట్టివేసి స్వామికి మొక్కు చెల్లించుకుంటారు. తమ ఇంట పుట్టిన కోడెనే సమర్పించే రైతులూ ఉన్నారు. అటువంటి కోడెలకు తిప్పాపూర్ గోశాల ఆశ్రయం. వాటికి ఏదైనా తినిపించాలని భక్తులు బియ్యం, అన్నం, బెల్లం, అరటిపండ్లు తెస్తారు. ఆ భక్తి పూజనీయమే. అయితే ఎండుగడ్డిపై బ్రతికే పశువుకు ఆ ఆహారం ఎంతవరకు హితమో విచారించవలసి ఉన్నది.

పూర్వం కరీంనగర్ ప్రాంతంలో పశువులకు జొన్న చొప్ప విస్తారంగా దొరికేది. శ్రీరాంసాగర్, మానేరు నీళ్ళతో వరి విస్తరించిన కొద్దీ చొప్ప తగ్గి వరిగడ్డి మిగిలింది. వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి 3 నుండి 4 పాళ్ళు మాత్రమే. పశువు గడ్డిని తనంతట తాను అరిగించుకోలేదు. రూమెన్ అనే పెద్ద పొట్టలోని కోటానుకోట్ల సూక్ష్మజీవులు పీచును విడగొడితేనే దానికి బలం. మేతలో మాంసకృత్తులు నూటికి సుమారు 7 పాళ్ళకు తగ్గితే ఆ సూక్ష్మజీవులు మందగిస్తాయి. తిన్న గడ్డి పొట్టలోనే నిలిచిపోతుంది, ఆకలి తగ్గుతుంది. ఎదుట మోపుల కొద్దీ గడ్డి ఉన్నా పక్కటెముకలు తేలుతాయి.

అటువంటి పశువుకు బియ్యం పెడితే పుష్టి కలుగుతుందనుకోవడం సహజం. కాని పిండిపదార్థాన్ని తినే సూక్ష్మజీవులు వేగంగా పెరిగి, ఉన్న కొద్దిపాటి నత్రజనిని కూడా అవే వాడుకుంటాయి. పీచును అరిగించేవి మరింత వెనుకబడతాయి.

ఒక చిన్న లెక్క చూడండి. కోడె రోజుకు 5 కిలోల వరిగడ్డి తిన్నదనుకొందాం. నూటికి 4 పాళ్ళ చొప్పున 200 గ్రాముల మాంసకృత్తులు అందుతాయి. దానికి కిలో నూకలు కలిపితే వచ్చేది మరో 80 గ్రాములు. మొత్తం మేతలో నూటికి 5 పాళ్ళయినా నిండవు. నూకలకు బదులు కిలో పత్తి చెక్క పెడితే సుమారు 220 గ్రాములు చేరి, సరిగ్గా 7 పాళ్ళవుతుంది. అప్పుడు ఆ గడ్డే ఒంటబడుతుంది.

మన పెద్దలు ఈ లెక్కలు వేయలేదు. అయినా దుక్కిటెద్దుకు బియ్యం కాక ఉలవలు ఉడికించి పెట్టేవారు, కుడితిలో తవుడు, చెక్క కలిపేవారు. ఉలవల్లో మాంసకృత్తులు నూటికి 20 పాళ్ళకు పైనే.

పొలాల అమావాస్యనాడు ఆదిలాబాద్ పల్లెల్లో ఎద్దులను అలంకరించి భక్ష్యాలు తినిపిస్తారు. ఒకటి రెండు భక్ష్యాలతో ముప్పు లేదు. ఊరందరి నైవేద్యం ఒకే ఎద్దు నోటికి చేరితేనే ప్రమాదం. గోశాలలోనూ అంతే. ప్రతి భక్తుడూ పెట్టేది పిడికెడే. సోమవారం నాటి రద్దీలో అది కిలోల కొద్దీ అవుతుంది. అలవాటు లేని పశువు ఒక్కసారిగా అంత బియ్యమో, అన్నమో, బెల్లమో తింటే పొట్టలో లాక్టిక్ ఆమ్లం పేరుకొంటుంది. నెమరు ఆగిపోతుంది, పేడ పలుచబడుతుంది, పశువు కూలబడుతుంది. సకాలంలో చికిత్స అందకపోతే ప్రాణమే పోవచ్చును. పుణ్యం కోసం పెట్టిన ముద్ద ఇటువంటి కీడుకు కారణం కావడం ఎవరికీ సమ్మతం కాదు గదా!

దానం చేయదలచిన వారికి మార్గాలు దగ్గరలోనే ఉన్నాయి. ఆదిలాబాద్, జమ్మికుంట పత్తికి పేరొందిన మార్కెట్లు. ఈ ప్రాంతంలో పత్తి చెక్క సులభంగా లభిస్తుంది. వేరుశనగ చెక్కలో మాంసకృత్తులు దానికి దాదాపు రెట్టింపు, ధరా ఎక్కువే. కంది చున్ని, తవుడు, ఖనిజ లవణ మిశ్రమం కూడా ఉపయోగకరమే. బూజు పట్టిన చెక్కను మాత్రం ఎంత చౌకగా వచ్చినా కొనరాదు. అందులో విషం ఉండవచ్చును. పత్తి చెక్కలోని గాసిపాల్ అనే పదార్థం చిన్న దూడలకు హానికరం.

నూరు కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియాను నీటిలో కరిగించి చల్లి, గాలి చొరకుండా 21 రోజులు కప్పి ఉంచి మేపే పద్ధతి కూడా ఉన్నది. పాళ్ళు తప్పితే అదే విషమవుతుంది గనుక పశువైద్యుల పర్యవేక్షణలోనే జరగాలి. గోశాలలో ఆ ఏర్పాటుకు అయ్యే ఖర్చును దాతలు భరించవచ్చును.

చెక్క బస్తా తెచ్చినవారు తమ చేతులతో కోడె ముందు కుమ్మరించక, గోశాల సిబ్బందికి అప్పగించవలెనని మనవి. కొత్త దాణాను పది, పదిహేను రోజులపాటు కొద్దికొద్దిగా పెంచుతూ అలవాటు చేయాలి. తమ చేతితోనే తినిపించాలని మనసు కోరేవారు ఒక పచ్చగడ్డి కట్ట తీసుకురండి.