తోడు నక్షత్రం చెప్పే కృష్ణబిలం కథ

కృష్ణబిలం నుంచి కాంతి బయటికి రాదు. మరి అది ఎలా పుట్టిందో తెలుసుకోవడం ఎలా? దాని చుట్టూ తిరిగే నక్షత్రం ఉంటే, అందులో ఏ మూలకం ఎంత ఉందో చూడాలి. పక్కన ఒకప్పుడు ఏం జరిగిందో కొంతవరకు అక్కడ తెలుస్తుంది.

నక్షత్ర కాంతిని రంగులుగా విడదీస్తే ఆ వర్ణపటంలో సన్నని నల్ల గీతలు కనిపిస్తాయి. ఒక్కో మూలకానికి ఒక్కో గీతల వరుస ఉంటుంది. అయితే గీత గాఢంగా ఉన్నంత మాత్రాన ఆ మూలకం ఎక్కువగా ఉన్నట్టు కాదు. నక్షత్రం ఉష్ణోగ్రతను బట్టి కూడా గీతలు మారతాయి. ఈ చిక్కు విప్పడానికి దారి చూపిన సమీకరణాన్ని 1920లో మన శాస్త్రవేత్త మేఘనాద్ సాహా అందించారు.

1994లో వృశ్చిక రాశి దిక్కున ఎక్స్-కిరణాలు వెదజల్లుతూ జీఆర్‌ఓ జె1655-40 అనే జంట బయటపడింది. ఇందులో ఒక మామూలు నక్షత్రం కృష్ణబిలం చుట్టూ 2.6 రోజులకు ఒకసారి తిరుగుతుంది. 1999లో ప్రచురించిన పరిశోధన ప్రకారం ఆ నక్షత్రంలో ఆక్సిజన్, మెగ్నీషియం, సిలికాన్, గంధకం సూర్యుడిలో కంటే 6 నుంచి 10 రెట్లు ఎక్కువ. అంత చిన్న నక్షత్రం వీటిని సొంతంగా తయారు చేసుకోలేదు. కృష్ణబిలంగా మారిన పెద్ద నక్షత్రం సూపర్‌నోవాగా పేలినప్పుడు ఎగిరిపడిన పదార్థమే దీనికి అంటుకుందని శాస్త్రవేత్తలు భావించారు. తరువాత ఈ కొలతలపై సందేహాలు వచ్చినా, 2008 నాటి పునఃపరిశీలన వాటిని సమర్థించింది.

2024 ఏప్రిల్‌లో ప్రకటించిన గయా బీహెచ్3 కథ వేరు. శ్రవణా నక్షత్రం ఉన్న గరుడ మండలంలో, మనకు దాదాపు 2,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఈ కృష్ణబిలం సూర్యుడి కంటే సుమారు 33 రెట్లు బరువైనది. యూరప్‌కు చెందిన గయా ఉపగ్రహం, తోడు నక్షత్రం ఊగిసలాటను కొలిచి దీన్ని పట్టుకుంది. ఆ నక్షత్రం ఒక చుట్టు తిరగడానికి 11.6 ఏళ్లు పడుతుంది. అందులో ఇనుము సూర్యుడిలో ఉన్న దానిలో దాదాపు 360వ వంతే. పేలుడు ఆనవాళ్లు మాత్రం లేవు. పెద్ద నక్షత్రం పెద్దగా పేలకుండానే కుప్పకూలి ఉండవచ్చు. లేదా ఈ రెండూ వేర్వేరుగా పుట్టి, తరువాత నక్షత్ర గుంపులో జత కట్టి ఉండవచ్చు.

ఇనుము తక్కువగా ఉండటం మరో విషయం చెబుతుంది. పెద్ద నక్షత్రాల కాంతి, వాటి ఉపరితలంలోని ఇనుము వంటి భార మూలకాలను బలంగా బయటికి నెడుతుంది. దాంతో పదార్థం గాలిలా వీచి, నక్షత్రం బరువు తగ్గిపోతుంది. భార మూలకాలు తక్కువైతే ఈ గాలి బలహీనం. చివరికి మిగిలే కృష్ణబిలం బరువుగా ఉంటుంది. 2015లో గురుత్వ తరంగాలు తొలిసారి చిక్కినప్పుడు, ఢీకొన్న కృష్ణబిలాలు సూర్యుడి కంటే 30 రెట్లకు అటూ ఇటూ ఉన్నాయి. అంత బరువైనవి ఎలా పుడతాయన్న ప్రశ్న అప్పుడు బలంగా ముందుకు వచ్చింది. బీహెచ్3 తోడు నక్షత్రంలోని కొద్దిపాటి ఇనుము, దానికి మన ఇరుగుపొరుగులోనే దొరికిన ఆధారం.