బుడిపెను కోసి చూడాలి: కంది వేళ్లలో మొక్కకు, బాక్టీరియాకు కణస్థాయి సంబంధం

తిరువూరు వంటి మెట్ట ప్రాంతాల్లో పత్తిలో అంతరపంటగా వేసిన కందిని పరిశీలించేటప్పుడు, వేళ్లపై బుడిపెలు కనిపించగానే నత్రజని స్థిరీకరణ జరుగుతున్నదని నిర్ధారించుకోవడం పరిపాటి. బుడిపె ఏర్పడటం ఒక దశ, అది పనిచేయడం మరొక దశ. ఈ రెండింటినీ మొక్క వేర్వేరుగా నియంత్రిస్తుంది.

నత్రజని కొరవడిన నేలలో వేళ్లు ఫ్లావనాయిడ్లను స్రవిస్తాయి. వాటిని గుర్తించిన బ్రాడీరైజోబియం వంటి బాక్టీరియా నాడ్ ఫాక్టర్ అనే సంకేత పదార్థాన్ని విడుదల చేస్తుంది. దీని నిర్మాణం గమనించదగినది. శిలీంధ్రాల కణకవచంలోని కైటిన్‌లో ఉండే చక్కెర అణువులే ఇందులోనూ నాలుగైదు గొలుసుగా ఉంటాయి. అదనంగా చివరన ఒక కొవ్వు ఆమ్లం ఉంటుంది. వేరు కణాల పొరపై ఒకే కుటుంబానికి చెందిన గ్రాహకాలు ఈ రెండింటినీ పసిగడతాయి. కైటిన్ తగిలితే మొక్క రక్షణ చర్యలకు దిగుతుంది. నాడ్ ఫాక్టర్ తగిలితే కేంద్రకంలోను, దాని చుట్టూను కాల్షియం సాంద్రత లయబద్ధంగా హెచ్చి తగ్గుతూ, బాక్టీరియా ప్రవేశానికి అనుమతి లభిస్తుంది. రోగకారకానికి, సహజీవికి మధ్య మొక్క చూసే తేడా ఇంత సూక్ష్మమైనది!

మూలకేశం వంపు తిరిగి బాక్టీరియాను చుట్టుకొంటుంది. అక్కడి నుండి సంక్రమణ తంతువు వల్కల కణాల వరకు సాగుతుంది. కణం లోపల కూడా బాక్టీరియాను మొక్క తన సొంత పొరలోనే బంధించి ఉంచుతుంది. ఆ పొర గుండా మాలేట్ లోపలికి, అమ్మోనియా వెలుపలికి ప్రయాణిస్తాయి. ఒక్క నత్రజని అణువును స్థిరీకరించడానికి కనీసం 16 ఏటీపీ అణువులు ఖర్చవుతాయి. అంతటి శక్తికి ఆక్సిజన్ కావాలి. నైట్రోజినేజ్ ఎంజైమేమో ఆక్సిజన్ తగిలితే చెడిపోతుంది. అందుకే ఇనుముతో కూడిన లెగ్‌హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టి ఉంచి, కొద్దికొద్దిగా అందిస్తుంది. బుడిపె లోపలి గులాబీ రంగు దీనిదే.

స్థానిక బాక్టీరియా అంతా సమర్థమైనది కాదు. నాడ్ ఫాక్టర్‌తో ప్రవేశం పొందినా నత్రజని ఇవ్వలేనివి ఉన్నాయి. అటువంటి బుడిపె లోపల తెల్లగా ఉంటుంది. నీరు నిలిచినా గులాబీ రంగు తగ్గుతుంది. పత్తికి వేసిన యూరియా కంది సాళ్లకు చేరితే బుడిపెల సంఖ్యే పడిపోతుంది. నేలలో నైట్రేట్ దొరుకుతుండగా మొక్క ఇంత ఖర్చుకు సిద్ధపడదు.

కనుక పూతకు ముందే మొక్కను పీకకుండా పారతో మట్టితో సహా తీసి, బుడిపెలను బ్లేడుతో కోసి చూడాలి. కాయ నిండే దశలో ఆకుపచ్చగా మారడం సహజమే గనుక అప్పటి పరిశీలన తప్పుదారి పట్టిస్తుంది. నులిపురుగుల బుడిపెలతోనూ పొరబడరాదు: అవి వేరే ఉబ్బి ఏర్పడినవి, గీకినా రాలవు, రైజోబియం బుడిపెలు తేలికగా ఊడివస్తాయి. విత్తనశుద్ధిలో ముందు శిలీంధ్రనాశిని, తరువాత కీటకనాశిని, అవి ఆరిన పిమ్మట చివరగా రైజోబియం కల్చర్ పట్టించి, నీడలో ఆరబెట్టి వెంటనే విత్తాలి.