క్రెష్ ఫీజు ఎవరి జీతంలోంచి?

బాబును బడి దగ్గర దింపేటప్పుడు కొత్తగా పరిచయమైన తల్లులు తప్పకుండా అడుగుతారు, "మీరేం చేస్తుంటారు?" అని. "ఇంట్లోనే ఉంటాను" అని చెప్పడం నాకు అలవాటైపోయింది. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదివాననీ, హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీ ల్యాబులో నాలుగేళ్ళు పనిచేశాననీ చెప్పడం మానేశాను.

మా ఆయన జనరల్ ఎంప్లాయ్‌మెంట్ పర్మిట్ మీద ఐర్లండ్ వచ్చారు. ఏడాది తర్వాత, 2022లో, బాబుతో నేనూ పోర్ట్‌లీష్ చేరాను. నా కార్డు మీద 'స్టాంప్ 3' అని ఉండేది. అంటే దేశంలో ఉండొచ్చు కానీ ఉద్యోగం చేయకూడదు. క్రిటికల్ స్కిల్స్ పర్మిట్ ఉన్నవాళ్ళ భార్యలకు, భర్తలకు 2019 నుంచే పనిచేసే వీలుంది. మా లాంటి వాళ్ళకు అది 2024 మే నెలలో వచ్చింది.

పెళ్ళయితే ఇంటికే

ఈ సంగతి మా పక్కింటి పెద్దావిడకు చెబితే నవ్వి, "మాకూ ఇలాంటిదే ఉండేది" అంది. 1970లో ఆవిడ ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. పెళ్ళి కుదరగానే రాజీనామా ఇవ్వాల్సి వచ్చిందట. అప్పటి రూలే అది. దాన్ని 'మ్యారేజ్ బార్' అనేవారు. బ్యాంకుల్లోనూ ఇదే పద్ధతి. ప్రాథమిక పాఠశాలల టీచర్లకు 1958లో తీసేశారు కానీ ప్రభుత్వ కార్యాలయాల్లో 1973 దాకా సాగింది. ఐర్లండ్ యూరోపియన్ ఆర్థిక సమాజంలో చేరిన సంవత్సరం కూడా అదే. మరుసటి ఏడాది సమాన వేతన చట్టం వచ్చింది.

ఆడపిల్లను చదివించి, పని నేర్పించి, చేతికి అనుభవం వచ్చే వేళకు ఇంటికి పంపేయడం ఏ దేశానికైనా నష్టమే కదా! 1990లలో ఐర్లండ్ ఆర్థికంగా పరుగు తీసిందంటే విదేశీ కంపెనీల పెట్టుబడులు, 1967లో మొదలైన ఉచిత సెకండరీ విద్య మాత్రమే కారణం కాదు. పెళ్ళయిన ఆడవాళ్ళు పెద్ద సంఖ్యలో ఉద్యోగాల్లోకి రావడం కూడా ఒక కారణం. అమెరికాలో ఇలాంటి నిషేధాలనూ, రెండు వందల ఏళ్ళ మహిళల ఉద్యోగ చరిత్రనూ పరిశోధించిన క్లాడియా గోల్డిన్‌కు 2023లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఈ రోజుల్లో ఆడ, మగ సంపాదనల మధ్య తేడా ఎక్కువగా మొదటి బిడ్డ పుట్టాకే మొదలవుతుందని ఆమె చూపించారు.

అమ్మ దాచిన రూపాయి

మాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడింది మా జిల్లాలోనే. రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుంటూ మొదలుపెట్టిన ఆ పోరాటం రాష్ట్రమంతా పాకి, 1993లో సారా నిషేధం దాకా వెళ్ళింది. ఆ ఊపులోనే పొదుపు ఉద్యమం వచ్చింది, రోజుకు ఒక్క రూపాయి చొప్పున. మా అమ్మ కూడా ఒక గ్రూపులో చేరింది. నా ఎమ్మెస్సీ ఫీజుకు ఆ గ్రూపులోనే అప్పు తీసుకుని, పాలమ్మి కంతులు కట్టింది.

స్త్రీ పురుష సమానత్వం, ఆర్థికాభివృద్ధి అనే మాటలు పెద్దవిగా వినిపిస్తాయి. నా మట్టుకు అవి ఆ కంతులే. పదిమంది ఆడవాళ్ళ రూపాయలతో వచ్చిన డిగ్రీ ఇప్పుడు పోర్ట్‌లీష్‌లో అల్మారాలో ఉంది.

లెక్క ఎక్కడ తప్పింది?

పర్మిట్ అడ్డు తొలగాక ఒక ల్యాబులో ఉద్యోగం దొరికేలా కనిపించింది. మా ఆయనా నేనూ కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాం. నా జీతంలోంచి పాప క్రెష్ ఫీజు, బాబు బడి అయ్యాక చూసుకునే వాళ్ళకిచ్చేది, రైలు ఖర్చు తీసేస్తే పెద్దగా ఏమీ మిగల్లేదు. "ఇంతోటి దానికి ఎందుకులే" అనుకుని వదిలేశాం. మీలో చాలామంది ఇళ్ళల్లోనూ ఈ లెక్క వేసే ఉంటారు.

పక్కింటి పెద్దావిడ మాత్రం ఒకటే అడిగింది. "ఫీజంతా నీ జీతంలోంచే ఎందుకు తీశారు? పిల్లలు ఆయనకూ పిల్లలే కదా?"

నిజమే. రెండు జీతాలూ కలిపి, అందులోంచి తీస్తే బొమ్మ మారుతుంది. పైగా క్రెష్ ఖర్చు కొన్నేళ్ళే. ఉద్యోగంలో పడే ఖాళీ మాత్రం జీతం పెరుగుదలనీ, పెన్షన్‌నీ చివరిదాకా తగ్గిస్తుంది. ఇక్కడ కాంట్రిబ్యూటరీ పెన్షన్ రావాలంటే కనీసం 520 వారాల చందా కట్టి ఉండాలి. పన్నెండేళ్ళలోపు పిల్లల్ని చూసుకున్న కాలాన్ని 'హోమ్ కేరింగ్ పీరియడ్స్' కింద ఇరవై ఏళ్ళ దాకా లెక్కలోకి తీసుకుంటారు కానీ ఆ 520 మాత్రం తప్పదు.

ఇంటి పని పనే కాదని నేను అనడం లేదు. 2019లో మన దేశంలో చేసిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం ఇంటి పని చేసే ఆడవాళ్ళు అందుకు రోజుకు 299 నిమిషాలు వెచ్చిస్తుంటే, ఆ పని చేసే మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారు. జీడీపీలో మాత్రం ఈ పని కనిపించదు. ఇష్టపడి ఇంట్లో ఉండే ఆడవాళ్ళంటే నాకు గౌరవమే. ఆ నిర్ణయం తప్పు లెక్క మీద జరగకూడదన్నదే నా బాధ.

మొదలుపెట్టాలనుకుంటే

మన డిగ్రీ ఇక్కడ ఏ స్థాయికి సమానమో చెప్పే పత్రం నారిక్ ఐర్లండ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. పిల్లలకు రెండేళ్ళ ఎనిమిది నెలలు నిండాక, ఈసీసీఈ పథకం కింద రోజుకు మూడు గంటల ప్రీస్కూల్ ఉచితం. క్రెష్ ఫీజులో నేషనల్ చైల్డ్‌కేర్ స్కీమ్ కొంత భరిస్తుంది. పసిబిడ్డ ఉంటే తొమ్మిది వారాల పేరెంట్స్ లీవ్ తల్లికీ తండ్రికీ విడివిడిగా ఉంది. మీ ఆయన తన వాటా సెలవు వాడుకున్నారో లేదో ఓసారి అడగండి.

మేం మళ్ళీ లెక్క వేశాం. మా ఆయన వారానికి రెండు రోజులు పొద్దున షిఫ్ట్ అడిగి తీసుకున్నారు. నేను వచ్చే నెల నుంచి వారానికి మూడు రోజులు ల్యాబుకు వెళ్తున్నాను.

ఫోన్‌లో చెబితే అమ్మ సంతోషపడింది. వెంటనే, "మరి పాపను ఎవరు చూసుకుంటారే?" అంది.

"ఇద్దరం" అన్నాను.