పిల్లలకు పాట నేర్పేముందు అది ఎవరిదో చెప్పాలి

హైటెక్ సిటీ దగ్గర ఒక ప్రాథమిక పాఠశాల వార్షికోత్సవానికి పాటలు నేర్పించడానికి మన హాస్టల్ పూర్వ విద్యార్థులం నలుగురం వెళ్ళాం. కార్యక్రమాల పట్టికలో 'ట్రైబల్ డాన్స్' అని ఒకటుంది. మూడో తరగతి పిల్లలకు ముఖాన బొగ్గు, నడుముకు ఆకులు, చేతిలో అట్టముక్క బల్లెం, వెనక సినిమా పాట. ఏ తెగ నృత్యమంటే చెప్పినవారు లేరు. రిహార్సల్ చూసినవాళ్ళంతా నవ్వారు. మాకు నవ్వు రాలేదు. మనలో చాలామంది ఇళ్ళల్లో డప్పు ఉంది. చావుకీ జాతరకీ అది కావాలి గానీ కొట్టేవాణ్ణి మాత్రం గడప అవతలే నిలబెట్టిన ఊళ్ళను మనం ఎరుగుదుం.

అసలు 'గిరిజన సంగీతం' అని ఒకే సంగీతం లేదు. అరకులోయలో థింసా. భద్రాచలం వైపు కోయలది అడవిదున్న కొమ్ముల తలపాగాతో ఆడే కొమ్ము నృత్యం. ఆదిలాబాద్ రాజ్‌గోండులది గుస్సాడీ; వారి పురాణ కథలు పాడేది ప్రధాన్లు, వాయించేది కిక్రి అనే తీగవాద్యం.

గుస్సాడీనే తీసుకోండి. దీపావళి ముందు దండారీ రోజుల్లో ఆడతారు. గుస్సాడీలు పండుగ ముగిసేదాకా స్నానం చేయరు, నెమలి ఈకల టోపీకి పూజ చేస్తారు. అంటే అది దీక్ష. అయ్యప్ప మాల వేసుకున్నవారిని స్టేజీ మీద నవ్వులాటకు వాడుకుంటామా? అందుకని ఆ టోపీని అట్టతో చేసి పిల్లలకు పెట్టడం తగదని మా అభిప్రాయం. థింసా అలా కాదు, చేయీ చేయీ పట్టుకుని అందరూ కలిసి అడుగేసే ఆట. పిల్లలకు బాగా కుదురుతుంది. ఆస్ట్రేలియా ఆదివాసుల్లోనూ కొన్ని పాటలు పాడాలంటే ఆ పాట సొంతదారుల అనుమతి కావాలి.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1940లలోనే హైమెండార్ఫ్ పూనికతో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు, గోండి వాచకాలు తయారుచేశారు. గుస్సాడీకి 2021లో పద్మశ్రీ అందుకున్న కనకరాజు గారిదీ ఆ ఊరే. సమ్మక్క సారలమ్మల కథను డోలి మీద పాడిన కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. ఇద్దరూ 2024లోనే కన్నుమూశారు. మూడో తరగతి పిల్లలకు ఈ రెండు పేర్లు చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

కళాకారులను బడికి పిలవడం అన్నిటికన్నా మంచిది. అయితే డీజేకు అడిగినంత ఇచ్చి వీరికి శాలువాతో సరిపెట్టడం ఏం న్యాయం? దారి ఖర్చులు, పారితోషికం ముందే మాట్లాడుకోవాలి.

ఆ అంశం తీసేయమని హెడ్ మేడమ్‌ను అడిగాం. కాసేపు నొచ్చుకున్నా చివరికి ఒప్పుకుని, ఒక పీరియడ్ మాకే ఇచ్చారు. మ్యాపులో ఊళ్ళు చూపించి, చప్పట్లతో థింసా నడక వేయించాం. బెల్లు కొట్టాక ఒక పాప మా దగ్గరకొచ్చింది. అమ్మానాన్నలు పాలమూరు తండా నుంచి బిల్డింగు పనికి వచ్చినవాళ్ళు. అంతవరకు తాను లంబాడీ అని క్లాసులో ఎవరికీ చెప్పలేదట. "మా నాయనమ్మకు తీజ్ పాటలొస్తయి సార్. కానీ అవి శ్రావణంలనే పాడాలంటది. వేరేవి పాడుతదేమో అడిగొస్త" అంది.