వణుకు కట్టిన బోను

విద్యుదావేశమున్న కణాన్ని కదలని విద్యుత్ క్షేత్రాలతో మాత్రమే ఒకచోట నిలపలేమని గణితవేత్త ఎర్న్‌షా 1842లోనే నిరూపించాడు. ఒక దిక్కున లోపలికి నెడితే మరో దిక్కున జారిపోతుంది, గుర్రపు జీను మీద పెట్టిన గోలీలా. 1950లలో జర్మనీలోని బాన్‌లో భౌతికశాస్త్రవేత్త వోల్ఫ్‌గాంగ్ పౌల్ ఆ జీనును కుదురుగా ఉండనివ్వలేదు. క్షేత్రం దిశను సెకనుకు లక్షల సార్లు అటూ ఇటూ మార్చాడు. నెట్టుడూ లాగుడూ సమానమైతే రెండూ చెల్లుకుపోవాలి కదా అనిపిస్తుంది. చెల్లుకుపోవు. కణం సన్నగా వణుకుతుంది, ఆ వణుకు ఎప్పుడూ బలానికి ఎదురు దిశలో ఉంటుంది. క్షేత్రం ఎక్కువగా ఉండే బయటి కొసకు చేరినప్పుడు బలం లోపలికి, తక్కువగా ఉండే లోపలి కొసలో ఉన్నప్పుడు బయటికి. మిగిలేది లోపలికే; కణానికి అదే బోను.

వణుకును సగటు చేసి పక్కన పెడితే, కణం ఒక గిన్నెలో నెమ్మదిగా దొర్లుతున్నట్టు లెక్క తేలుతుంది. అలాగని వణుకును పారేసినట్టు కాదు. ఏ చోటనైనా గిన్నె ఎత్తు, అక్కడి వణుకులోని సగటు గతిజశక్తే. చిన్న కదలిక శక్తి పెద్ద సిద్ధాంతంలో స్థితిజశక్తిగా వేషం మార్చుకుంది. 1951లో భౌతికశాస్త్రవేత్త కపిత్సా తలకిందుల లోలకాన్ని వివరించిందీ ఇలాగే: 10 సెంటీమీటర్ల పుల్ల చివర బరువు కట్టి, కింది ఆధారాన్ని 1 సెంటీమీటరు పైకీ కిందికీ ఆడిస్తే, సెకనుకు సుమారు 22 ఊపులు దాటాక అది నిటారుగా నిలబడుతుంది.

కణం కదలికను పూర్తిగా వర్ణించే ఖచ్చితమైన మాథ్యూ సమీకరణం ఉండగా ఈ ఉజ్జాయింపు ఎందుకని అడగవచ్చు. సమీకరణం కణం నిలుస్తుందో లేదో చెబుతుంది; ఎందుకు నిలుస్తుందో గిన్నె చెబుతుంది. అయినా ఈ ఆక్షేపణలో పస ఉంది. క్షేత్రం పెంచేకొద్దీ గిన్నె లోతవుతుందనే సగటు సిద్ధాంతం అంటుంది. నిజంగా జరిగేది వేరు. క్షేత్ర బలం, దాని పౌనఃపున్యం, బోనులోని కణం అంటే అయాన్ ఆవేశం, ద్రవ్యరాశి కలిసిన ఒక సంఖ్య 0.908 దాటగానే అయాన్ బయటికి ఎగిరిపోతుంది. అక్కడ నెమ్మది ఊగులాట వణుకు పౌనఃపున్యంలో సగానికి చేరుతుంది. ఇక నెమ్మదేది, వేగమేది? సగటు చేయడానికి ఆధారమైన తేడాయే పోయింది. గిన్నె ఎక్కడ పగులుతుందో గిన్నెను చూసి తెలుసుకోలేం, వణుకునే అడగాలి. పౌల్‌కు 1989లో నోబెల్ తెచ్చిన ఈ బోనును రసాయన ప్రయోగశాలలు వాడుకున్నది సరిగ్గా ఆ పగులు దగ్గరే: వోల్టేజి మెల్లగా పెంచుతుంటే తేలిక అయాన్లు ముందు, బరువైనవి తరవాత ఆ హద్దు దాటి, ఒక్కో రకం వరసగా డిటెక్టర్ మీద పడతాయి.